పక్క బెంచీ

మా అమ్మ మాట ఇస్తే తప్పదని మా తమ్ముడు అందరితోనూ చెబుతుంటాడు. వాడి విషయంలో ఎప్పుడూ తప్పలేదు కాబట్టి వాడి లెక్కలో అది నిజమే.

కరోనా రూళ్ళున్న ఆ చలికాలమంతా వారం వారం అమ్మ ఇంటికి సరుకులు మోసింది నేను. మూడో అంతస్తు దాకా ఎక్కి, సంచి గుమ్మం ముందు పెట్టి, గంట నొక్కి, మళ్ళీ నాలుగు మెట్లు దిగి నిలబడేదాన్ని. అమ్మ తలుపు తీసి సంచి లోపలికి లాక్కుని, గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను మెట్ల మీద, ఆమె కుర్చీలో. అలా కాసేపు మాట్లాడుకునేవాళ్ళం. పై అంతస్తు ఆయన దిగుతుంటే నేను గోడకి అతుక్కుని దారి ఇచ్చేదాన్ని.

ఒంటరిగా ఉండేవాళ్ళు ఏదైనా ఒక్క ఇంటితో జత కట్టొచ్చని అప్పటి రూలు. ఆ ఒక్క ఇంటికీ రాకపోకలు ఉండొచ్చు, కలిసి తినొచ్చు, అక్కడే పడుకోవచ్చు. రెండో ఇంటి గడప తొక్కకూడదు. అమ్మ ఒంటరిది, నేనూ ఒంటరిదాన్నే. ఇద్దరం కలిస్తే రూలు రాసినవాళ్ళు కూడా సంతోషించేవాళ్ళు. అమ్మ వెళ్ళి తమ్ముడి ఇంటితో జత కట్టింది, వారంలో సగం రోజులు అక్కడే ఉండేది. "పిల్లలున్నారు కదే వాడికి. నువ్వు సర్దుకుంటావులే" అంది. నేను నా కుట్టు మిషనుతో జత కట్టాను. అదీ నోరు లేనిదే. దారం తెగితే తప్ప అలగదు.

"నువ్వు సర్దుకుంటావులే" అన్న మాట నాకు ఉగ్గుపాలతో పోశారు. ఒక్క సైకిలే కొంటే అది తమ్ముడికి, నేను సర్దుకున్నాను. తమ్ముడి పెళ్ళయితే నా గది వాళ్ళకి, నేను వంటింట్లో సర్దుకున్నాను. చివరికి సర్దడమే నా వృత్తి అయింది. నాది కొత్త బట్టలు కుట్టే షాపు కాదు, మార్పుల షాపు. పొట్టలు పెరిగినవాళ్ళకి ప్యాంట్లు వదులు చేస్తాను, చిక్కినవాళ్ళకి బిగిస్తాను, జిప్పులు మారుస్తాను, అంచులు మడిచి కుడతాను. వీధిలో అందరికీ నేను టైలరమ్మని. పోస్టుమాన్ కూడా అలాగే పిలుస్తాడు. నా అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. అమ్మ ఒక్కతే "పెద్దదీ" అని పిలుస్తుంది. నన్ను అలా పిలిచే నోరు ఈ లోకంలో అదొక్కటే మిగిలింది.

ఆ నోటితోనే అమ్మ చలికాలమంతా ఒక మాట అంటూ వచ్చింది. "తలుపులు తెరవనీ పెద్దదీ, ముందు నీ దగ్గరికే వస్తా. నెల్లాళ్ళు ఉంటా. వాడి పిల్లల గోలతో నా చెవులు పోయాయి." వెళ్ళిన ప్రతిసారీ అనేది. వాళ్ళ ఇంట్లో ఎవరి మీదైనా విసుగొస్తే ఇంకొంచెం గట్టిగా అనేది.

నేను నమ్మాను. షాపు వెనకే నా ఇల్లు, రెండే గదులు. ముందు గదిలో గుడ్డల మూటలన్నీ తీసి నా మంచం కిందికి తోశాను. కిటికీ పక్కన అమ్మకి మంచం వేశాను. పొద్దున్న ఎండ సూటిగా మొహం మీద పడుతుందని పసుపుపచ్చ మీద తెల్లచుక్కలున్న గుడ్డ తెచ్చి కర్టెను కుట్టాను. అది అమ్మకి ఇష్టమైన రంగు. గుడ్డ బోలెడు మిగిలింది. మిగిలినదాన్ని పారేసే అలవాటు మా వృత్తిలో లేదు కాబట్టి ఇంటిల్లిపాదికీ మాస్కులు కుట్టాను. అమ్మకి, తమ్ముడికి, మరదలికి, పెద్దోడికి, బుడ్డిదానికి, నాకు. "మా అత్తయ్యగారికి కూడా ఒకటి కుట్టక్కా" అని తమ్ముడంటే వాడి అత్తగారికీ కుట్టాను. ఆవిడ ముక్కు కొలత ఫోనులో అడిగి తీసుకున్నాను.

వసంతం వచ్చింది, రూళ్ళు సడలించారు. ఆరుబయట ఆరుగురు కలవొచ్చు, ఏ ఇంటివాళ్ళయినా సరే. ఇంటికి ఒక్క చుట్టం రావొచ్చు. ఆ వార్త వినగానే వేళ్ళ మీద లెక్కపెట్టాను. అమ్మ, తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు, నేను. సరిగ్గా ఆరుగురం. మా ఇంటి కొలత తీసుకుని కుట్టినట్టుంది ఆ రూలు. ఇంటికొచ్చే ఒక్క చుట్టం ఎవరో చెప్పక్కర్లేదు.

ఫోనులో మాట ఖాయం చేసుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం పార్కులో అందరం కలిసి తినడం, సాయంత్రం అమ్మ తన సంచితో అటునుంచటే నాతో రావడం. "సంచి నిన్ననే సర్దేశానే" అంది అమ్మ. శనివారం రాత్రి నాకు చిన్నపిల్లలా నిద్ర పట్టలేదు. లేచి కర్టెను మళ్ళీ ఇస్త్రీ చేశాను.

ఆదివారం అందరికంటే ముందు వెళ్ళాను. పార్కు కిటకిటలాడుతోంది. ఏడాదిగా ఇళ్ళలో మగ్గిన జనం గడ్డి మీద ఎక్కడ పడితే అక్కడ కూర్చుని, ఎండ కొత్తగా కనిపెట్టిన వస్తువైనట్టు మొహాలు పైకెత్తి చూస్తున్నారు. నాకు చెట్టు కింద బల్ల, దాని చుట్టూ బెంచీలు దొరికాయి. అక్కడికి కాస్త అవతల ఇంకో బెంచీ ఖాళీగా ఉంది. దాన్ని అప్పుడు నేను పట్టించుకోలేదు. బల్ల తుడిచి, ఉడకబెట్టిన గుడ్లు, రొట్టెలు, నేను చేసిన కేకు పెట్టి కూర్చున్నాను.

తమ్ముడి కారు వచ్చింది. ముందు పిల్లలు దిగారు. బుడ్డిది పరిగెత్తుకుంటూ వచ్చి నా ముందు ఠక్కున ఆగిపోయింది.

"అత్తా, ముట్టుకోవచ్చా?" అని అడిగింది.

"ఏమో తల్లీ, రేడియోలో చెప్పలేదు" అన్నాను. మోచేతులు తాకించుకున్నాం. దానికే నాకు కళ్ళు చెమర్చాయి.

తర్వాత తమ్ముడు, మరదలు దిగారు. అమ్మ దిగింది. నాలుగు మెట్ల దూరం లేకుండా అమ్మని చూసి ఏడాది దాటింది. చిన్నదైపోయినట్టు అనిపించింది. దగ్గరికి వెళ్ళబోయాను. అంతలో కారు వెనక తలుపు మళ్ళీ తెరుచుకుంది. అందులోంచి ఒక మడతకుర్చీ, దాని వెనక తమ్ముడి అత్తగారు దిగారు.

ఊరక రారు మహానుభావులు. ముక్కు మీద నేను కుట్టిన మాస్కు పెట్టుకునే వచ్చింది.

"అత్తయ్యగారు పొద్దున్నే ఫోన్ చేశారక్కా, బోరు కొడుతోందని" అన్నాడు తమ్ముడు, నా వైపు చూడకుండా. "కాదంటే బాగుంటుందా?"

"మరి ఏడుగురం అవుతాం కదరా."

"అవుతాం. కారులో అదే అనుకుంటున్నాం."

అదే అనుకుంటున్నారట. అనుకోవడం కారులోనే పూర్తయిపోయిందని వాళ్ళ మొహాలు చూస్తే తెలిసిపోయింది. మరదలు బల్ల మీద గిన్నెలు సర్దడంలో పడింది. వియ్యపురాలు మడతకుర్చీ వేయించుకుని కూర్చుంది. చెప్పే పని అమ్మ మీద పెట్టారు.

"ఏం లేదే పెద్దదీ" అంది అమ్మ. "నువ్వు ఆ పక్క బెంచీ మీద కూర్చో. ఎంత దూరమనీ, మాటలన్నీ వినపడతాయి. ఎవరైనా అడిగితే నువ్వు వేరే, మేం వేరే. నువ్వు ఒక్కదానివే కదా, ఒక్కదానివి కూర్చుంటే ఎవరికీ అనుమానం రాదు. వియ్యపురాల్ని కూర్చోమంటామా చెప్పు? నువ్వు సర్దుకుంటావులే."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. బల్ల పట్టింది నేను, తుడిచింది నేను. కానీ పిల్లలు చూస్తున్నారు, ఆకలి మీద ఉన్నారు. పైగా అమ్మ తన సంచి నా చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉంచు. ఎలాగూ నీతోనే కదా వచ్చేది" అంది.

ఆ ఒక్క మాటకి నేను కరిగిపోయాను. సంచి పట్టుకుని పక్క బెంచీ మీదికి వెళ్ళి కూర్చున్నాను. గోధుమరంగు సంచి, దాని జిప్పు రెండుసార్లు నేనే మార్చాను. లోపల అమ్మ మందుల డబ్బా కదిలినప్పుడల్లా గలగలమంటోంది. ఈ పూట గడిస్తే చాలు, తర్వాత అమ్మ నెల్లాళ్ళు నాదే కదా అనుకున్నాను.

భోజనం మొదలైంది. మాస్కులు గడ్డాల కిందికి దిగాయి. నా వాటా కాగితం పళ్ళెంలో పెట్టి పెద్దోడితో పంపారు. వాడు తెచ్చి, మధ్యలో గడ్డి మీద పెట్టి, వెనక్కి వెళ్ళిపోయాడు. వాడి తప్పేం లేదు, అలా చెయ్యమన్నారు. నేను లేచి వెళ్ళి తెచ్చుకున్నాను. మాటలన్నీ వినపడతాయని అమ్మ అన్నది అబద్ధం. సగమే వినపడుతున్నాయి. వాళ్ళు నవ్వాక, ఎందుకో కనుక్కోకుండానే నేనూ నవ్వుతున్నాను.

ఒక మాట మాత్రం స్పష్టంగా వినపడింది. "కేకు ఎంత మెత్తగా ఉందే! ఎక్కడ కొన్నారు?" అని అడిగింది వియ్యపురాలు.

"ఇంట్లో చేసిందేనమ్మా" అంది మా మరదలు. ఎవరింట్లోనో చెప్పలేదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. నా పెరడు కూడా కాదిప్పుడు, పక్కవాళ్ళ బెంచీ.

కేకు అయిపోవస్తుండగా పార్కు గార్డు వచ్చాడు. ఆకుపచ్చ కోటు, చేతిలో నీళ్ళ సీసా. కుర్రాడే. ప్రతి గుంపు దగ్గరా ఆగి వేలుతో లెక్కపెడుతున్నాడు. మా వాళ్ళ దగ్గరా ఆగాడు.

"ఆరుగురేనా అండీ?"

"ఆరుగురమే" అన్నాడు తమ్ముడు, పరీక్షలో ఒక్క జవాబే వచ్చిన కుర్రాడిలా.

"మరి ఆవిడ?"

"ఆవిడ వేరే అండీ."

గార్డు తలూపి వెళ్ళబోయాడు. రెండడుగులు వేసి ఆగాడు. నా వైపు చూశాడు. వాళ్ళ వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. అతను చూస్తున్నది మొహాలని కాదు, గడ్డాల కిందికి.

"అందరివీ ఒకే గుడ్డలా ఉన్నాయే?" అన్నాడు.

పసుపుపచ్చ మీద తెల్లచుక్కలు. మొత్తం ఏడు. నేను నా చేత్తో కుట్టిన సాక్ష్యాన్ని మా వాళ్ళంతా మెడకి కట్టుకుని మరీ వచ్చారు. బెంచీలు మార్చాలని తోచినవాళ్ళకి మాస్కు మార్చాలని తోచలేదు. ఇంత తెలివైన కుటుంబం ఇంకెక్కడా ఉండదు. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మరదలు మూత లేని గిన్నెకి మూత వెతుకుతోంది.

బుడ్డిదాని నోట్లో నువ్వుగింజ నానదు. "అది మా అ..." అని మొదలుపెట్టింది. అమ్మ చేతిలో అప్పుడే వలిచిన నారింజ తొన ఉంది. దాన్ని పిల్ల నోట్లో కుక్కింది. అంత వేగం ఆ చేతుల్లో ఇంకా ఉందని నాకు తెలీదు.

"ఆవిడ మా టైలరమ్మ బాబూ" అంది అమ్మ. నవ్వుతూ, తీరిగ్గా అంది. "మార్పుల షాపు ఉందిగా, ఆవిడదే. మాస్కులన్నీ ఆవిడ దగ్గరే కుట్టించుకున్నాం. మంచి పనిమంతురాలు."

గార్డు నా వైపు తిరిగాడు. "అవునామ్మా?"

నేను అమ్మని చూశాను. అమ్మ నన్ను చూస్తోంది. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంటే నాకు బాధ ఉండేది కాదు. లేదు. షాపుకొచ్చిన ఆవిడ టైలరుని చూసినట్టు, మర్యాదగా, ప్రసన్నంగా చూస్తోంది. అబద్ధమని చెబితే జరిమానా తమ్ముడికి, తలవంపులు అమ్మకి, అది కూడా వియ్యపురాలి ముందు.

"అవునండీ" అన్నాను.

"బాగా కుట్టావమ్మా. నా ప్యాంటు ఒకటి వదులు చెయ్యాలి. షాపు ఏ వీధి?"

చెప్పాను. రాసుకోలేదు కానీ రెండుసార్లు పలికి గుర్తుపెట్టుకున్నాడు. వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు.

అతను కాస్త దూరం పోగానే మా బల్ల దగ్గర నవ్వులు పేలాయి. తమ్ముడు బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. "మీ సమయస్ఫూర్తే సమయస్ఫూర్తి వదినగారూ! నాకైతే నోరు పెగల్లేదు" అంది వియ్యపురాలు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. అమ్మ మొహం వెలిగిపోతోంది. "ఆ, ఏదో అప్పటికప్పుడు తోచింది" అంటోంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే దీనికి ముక్కు మీదే కోపం అంటారు. కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు.

అమ్మ అబద్ధమాడిందని కాదు నా బాధ. పార్కులో సగం మంది ఆ రోజు ఏదో ఒక అబద్ధం ఆడే ఉంటారు. ఒక్క క్షణం తడబడి ఉంటే చాలు నాకు. నీళ్ళు నమిలి, ఆ మాట కోసం వెతుక్కుని ఉంటే చాలు. వెతుక్కోలేదు. చేతికందే అలమారాలోంచి తీసినట్టు తీసింది. పైగా పనిమంతురాలంది. నా పని బాగుంటుందని అమ్మ నోటి వెంట వినడం నాకు అదే మొదటిసారి. పరాయిదాన్ని అయితే గానీ ఆ మెప్పు రాలేదు.

ఎండ తగ్గింది. వాళ్ళు గిన్నెలు సర్దుకున్నారు. నేను సంచి భుజానికి తగిలించుకుని లేచి నిలబడ్డాను. అమ్మ సగం దూరం వచ్చి ఆగింది.

"వాడు గేటు దగ్గరే ఉన్నాడే" అంది గొంతు తగ్గించి. "ఇప్పుడు టైలరుతో కలిసి నేను ఇంటికి పోతే వాడికి తెలిసిపోదూ?"

"కారులో రా అమ్మా. మా వీధి మలుపులో దింపమను. నేను నడిచి వచ్చేస్తాను."

తమ్ముడు అందుకున్నాడు. "అత్తయ్యగారిల్లు అటుపక్కక్కా. ముందు ఆవిణ్ణి దింపాలి. మళ్ళీ ఇటు తిరిగొచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు."

"అయితే రేపు దింపు."

వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ చెట్టు వైపు చూసింది.

"నిజం చెప్పాలంటే నాకక్కడ అలవాటైపోయిందే" అంది అమ్మ. "పిల్లల గోల లేకపోతే తోచదు. నీ దగ్గరికొస్తే నువ్వు పొద్దస్తమానం షాపులో ఉంటావు, నేను ఒక్కదాన్నీ గోడలు చూస్తూ కూర్చోవాలి. ఒంటరిగా నాకెలా పొద్దుపోతుంది చెప్పు? వస్తాలే, ఎప్పుడో ఒకప్పుడు రానా ఏంటి? నువ్వు సర్దు..."

"సర్దుకుంటానమ్మా" అన్నాను.

గోడలు చూస్తూ ఎలా కూర్చోవాలో నన్నడిగితే చెప్పేదాన్ని. ఏడాది అనుభవం ఉంది. కానీ అమ్మ అడగలేదు.

"సంచి ఇలా ఇవ్వక్కా. వాడు ఇటే చూస్తున్నాడు" అన్నాడు తమ్ముడు.

సంచి తీసుకెళ్ళి మధ్యలో గడ్డి మీద పెట్టి, వెనక్కి వచ్చి నా బెంచీ దగ్గర నిలబడ్డాను. తమ్ముడు వచ్చి తీసుకున్నాడు. మందుల డబ్బా గలగలమంది. బుడ్డిది కారు ఎక్కుతూ చెయ్యి ఊపబోతే మరదలు దాని చెయ్యి కిందికి దించింది. గార్డు వాళ్ళకి గేటు తెరిచి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి అమ్మ కోసం వేసిన మంచం మీద కూర్చున్నాను. కిటికీకి పసుపుపచ్చ కర్టెను, నా మెడలో పసుపుపచ్చ మాస్కు. ఏడవలేదని చెప్పను. ఏడ్చాను, గట్టిగానే ఏడ్చాను. వినేవాళ్ళు లేరన్న సౌకర్యం ఒకటుంది కదా ఒంటరి కొంపలో. ముక్కు ఆ మాస్కుతోనే తుడుచుకున్నాను. తర్వాత లేచి, మంచం కింద మూటలు ఒక్కొక్కటే లాగి మళ్ళీ ముందు గదిలో పెట్టాను.

మర్నాడు పొద్దున్నే షాపులో ఇస్త్రీపెట్టె వేడెక్కుతుండగా ఫోను మోగింది. అమ్మ. రాత్రంతా నిద్ర పట్టలేదేమో, తప్పు చేశానే పెద్దదీ అంటుందేమో అనుకున్నాను. మనిషికి ఆశ ఎక్కడ చచ్చిందీ?

"చేరావా నిన్న?" అంది అమ్మ.

"చేరాను."

"ఆ సంచి జిప్పు మళ్ళీ ఊడిపోయిందే. నువ్వు గట్టిగా లాగినట్టున్నావు. తమ్ముడు అటేపు వస్తాడట, వాడితో పంపిస్తా. కాస్త చూసి పెట్టు."

నేను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను.

"షాపు పదింటికి తీస్తామండీ" అన్నాను.

అని, ఆగాను. ఏంటే ఆ అండీ ఏంటి, కన్నతల్లితో మాట్లాడే తీరేనా అది అని తిడుతుందని ఆగాను. తిడితే చాలు. అవతల అమ్మ ఊపిరి వినపడుతోంది. వెనక పిల్లల గోల వినపడుతోంది.

"పదింటికా?" అంది అమ్మ. "సరే అయితే, పది తర్వాతే పంపిస్తా."